వాల్వుకు లక్షలిస్తారు, సూది మాత్రం వేయరు

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లోనూ పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ పనిచేస్తున్న వైద్యులకు, నర్సులకు

నమస్కారం.

నేను సికింద్రాబాద్ వారాసిగూడలో ఉంటాను. ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల నా గుండెలో మైట్రల్ వాల్వు, అంటే ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే తలుపు, దెబ్బతింది. అందుకని 21 రోజులకోసారి బెంజథీన్ పెనిసిలిన్ సూది, 12 లక్షల యూనిట్లు, వేయించుకోవాలి. నలభై ఏళ్లు వచ్చేదాకా తప్పదని, ఆ తర్వాత సంగతి అప్పుడు చూద్దామని మా కార్డియాలజిస్టు గారు చెప్పారు. మందు సీసా వంద రూపాయల లోపే. కొనడానికి నాకు ఇబ్బంది లేదు. కొన్న సీసాను చేతిలో పట్టుకుని, దాన్ని నా ఒంట్లోకి ఎక్కించే మనిషి కోసం వెతుక్కోవడంతోనే ప్రాణం విసిగిపోతోంది. ఈ ఉత్తరం ఆ మనిషి కోసమే.

ఈ అవస్థ పడని వారికి నా మాట వింతగా తోచవచ్చు. సందుకో నర్సింగ్ హోమ్ ఉన్న ఊరు మనది. మూల తిరిగితే స్కానింగ్ సెంటరు, ఎదురుగా రక్త పరీక్షల ల్యాబు. నీరసంగా ఉందంటే చాలు, అడగకుండానే సెలైన్ ఎక్కిస్తారు. అలాంటి చోట పెనిసిలిన్ సీసా బయటికి తీయగానే, అలర్జీ వస్తుందేమోనన్న భయంతో కాంపౌండర్ ముఖం మారిపోతుంది. "ఇది మేం వేయమండీ, రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి" అంటారు. రాసిన డాక్టరు పెద్దాసుపత్రిలో ఉంటారు. అక్కడ ఓపీ చీటీకి ఒక వరుస, డాక్టరు గది ముందు ఒక వరుస, ఇంజెక్షన్ గది ముందు మరో వరుస. సూది పడేసరికి మధ్యాహ్నం దాటుతుంది, నాకు సగం రోజు జీతం పోతుంది. నా సంగతి సరే. నాలుగిళ్లలో పనిచేసుకునే తల్లి తన కొడుకును మూడు వారాలకోసారి అలా ఎన్నేళ్లు తిప్పగలదు? ఒకసారి తప్పుతుంది, తర్వాత రెండుసార్లు తప్పుతుంది, ఆ పైన "పిల్లాడు బాగానే ఉన్నాడు కదా" అని మానేస్తుంది. ఆమెను మందలించే హక్కు మనలో ఎవరికీ లేదు.

వేస్తామనే వారూ కొందరున్నారు. ఒక చోట, ఏం జరిగినా తమకు సంబంధం లేదని కాగితం రాయించుకుని సంతకం పెట్టమన్నారు. ఇంకో చోట డాక్టరు గారు సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పాత మందు ఎందుకమ్మా, ఇంతకంటే పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ ఉంది, అది వేస్తాను" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ నాకు కావలసింది బలమైన మందు కాదండీ, నిలకడైన మందు. ఆయన చెప్పిన మందు ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతుంది. బెంజథీన్ పెనిసిలిన్ కండలో ఒకచోట కూర్చుని, మూడు వారాల పాటు కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతూ ఉంటుంది. వాడుకలోకి వచ్చి 70 ఏళ్లు దాటింది. ఏ సూక్ష్మజీవి కోసం దీన్ని వేస్తారో అది ఈనాటికీ పెనిసిలిన్‌కు లొంగుతూనే ఉంది. మిగతా యాంటీబయాటిక్‌లలో ఎన్నింటి గురించి ఈ మాట అనగలరు?

ఇక సూది వేయడం ఎలాగో తెలియక వేసేవారి సంగతి. సీసాలో ఉండేది తెల్లటి పొడి. డిస్టిల్డ్ వాటర్ కలిపితే కరిగి నీళ్లలా అయిపోదు, పలచటి గంజిలా ఉంటుంది. కలిపాక ఫోను వస్తే మాట్లాడుతూ పక్కన పెట్టారంటే అడుగుకు పేరుకుంటుంది. సన్నటి సూదితో వేయబోతే మధ్యలో అడ్డుపడుతుంది. అప్పుడు సిరంజి బయటికి తీసి, సూది మార్చి, మళ్లీ గుచ్చుతారు. సగం మందు దూది మీద ఉంటుంది. అది లెక్కలో సూదే, కానీ ఒంట్లో పడింది ఎంతో ఎవరూ చెప్పలేరు. పైగా పది సెకన్లలో ఒత్తేస్తే ఆ నొప్పికి రెండు రోజులు సరిగా కూర్చోలేం. పదేళ్ల పిల్లాడికి ఒక్కసారి అలా వేస్తే, వచ్చేసారి వాడు ఆసుపత్రి గేటు దగ్గరే ఏడుపు మొదలుపెడతాడు.

దీన్ని సరిగ్గా వేసేవారు లేకపోలేదు. ఒక ప్రభుత్వాసుపత్రిలో పెద్ద వయసు నర్సమ్మ ఒకావిడ ఉండేవారు. ముందు ఏమైనా తిన్నావా, నీళ్లు తాగావా అని అడిగేవారు. లేదంటే క్యాంటీన్‌కు పంపేవారు. పడుకోబెట్టేవారు, కూర్చోబెట్టి వేసేవారు కాదు. సీసాను రెండు అరచేతుల మధ్య దొర్లిస్తూ కలిపేవారు, గట్టిగా ఊపితే నురగ వస్తుందని. మందు తీసిన సూదిని పక్కన పడేసి, కొంచెం లావు సూది కొత్తది పెట్టేవారు. పిరుదు పైభాగంలో బయటి వైపు చోటు చూసి, అక్కడ బొటనవేలితో కాసేపు గట్టిగా నొక్కి పట్టి, ఆ తర్వాత గుచ్చేవారు. రెండు మూడు నిమిషాల పాటు, నిజంగా గడియారం చూస్తూ, నెమ్మదిగా ఎక్కించేవారు. అంతసేపూ ఇంట్లో వంట ఏమిటి, స్కూల్లో పిల్లలెలా ఉన్నారు అని మాటల్లో పెట్టేవారు. అరగంట బల్ల మీద కూర్చోబెట్టి, చేతులు చూసి, దద్దుర్లేమీ లేవని తేలాకే పంపేవారు. ఆవిడ పదవీ విరమణ చేశారు. ఆ చేతిపని ఎవరికైనా నేర్పించారా అని నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇంతకీ ఈ సూది ఎందుకో, ఈ ఉత్తరం చదివే మామూలు పాఠకుల కోసం చెప్పాలి.

ఈ జబ్బు గొంతులో మొదలవుతుంది. గ్రూప్-ఏ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల, ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు, గొంతు వాచి మింగుడు పడదు, జ్వరం వస్తుంది. ఉప్పునీళ్లు పుక్కిలించి, జ్వరం బిళ్ల వేసుకుంటే నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. చాలామందికి అక్కడితో సరి. కొద్దిమంది పిల్లలకు మాత్రం రెండు మూడు వారాల తర్వాత రుమాటిక్ జ్వరం పట్టుకుంటుంది. బ్యాక్టీరియాతో పోరాడటానికి సిద్ధమైన రక్షణ వ్యవస్థ, దాని పోలికలున్న సొంత కణజాలాన్నే శత్రువనుకుని మీద పడుతుంది. మోకాలు వాస్తుంది. అది తగ్గుతుండగా చీలమండ, అదీ తగ్గుతుండగా మోచేయి. నొప్పి బిళ్లకు ఇట్టే లొంగుతుంది కాబట్టి ఇంట్లో వాళ్లు మరిచిపోతారు. కీళ్లకు శాశ్వతంగా ఏమీ కాదు. కాటు పడేది గుండె వాల్వు మీద. కీళ్లను నాకి వదిలేస్తుంది, గుండెను మాత్రం కొరుకుతుంది అని వైద్య విద్యార్థులకు తరతరాలుగా చెబుతూ వస్తున్నారు. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పెనిసిలిన్ పడితే ఈ జ్వరాన్ని ఆపవచ్చు. ఇరుకు గదుల్లో పక్కపక్కనే పడుకునే ఇళ్లలో ఈ బ్యాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. అందుకే ఇది ఎక్కువగా పేదవాళ్ల గుండె జబ్బు.

ఐదో తరగతిలో నాకు వచ్చిన కాళ్ల నొప్పులను ఎదిగే పిల్లల నొప్పులన్నారు. ఇంటర్‌లో రెండో అంతస్తులోని తరగతి గదికి ఎక్కలేక మెట్ల మీద కూర్చుండిపోతే రక్తం తక్కువన్నారు, ఐరన్ బిళ్లలు మింగించారు. చివరికి ఒక హౌస్‌సర్జన్ అమ్మాయి, నన్ను ఎడమ వైపుకు తిరిగి పడుకోమని, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, మాట్లాడకుండా ఎకో పరీక్ష, అంటే గుండె స్కానింగ్, రాసింది. మైట్రల్ వాల్వు మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. నాది ఒకటి దగ్గర ఉంది. రక్తం ముందుకు పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి బెలూన్ పంపి వాల్వును విప్పారు. ఆ పద్ధతిని 1980లలో జపాన్ సర్జన్ కాంజి ఇనోవే కనిపెట్టారు. ఆయన పుణ్యాన నా ఛాతీ కోయకుండానే పని జరిగింది.

వాల్వు పాడయ్యాక ఇంకా సూది ఎందుకని చాలామంది అడుగుతారు. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన వారికి, గొంతులోకి ఆ బ్యాక్టీరియా మళ్లీ వచ్చిన ప్రతిసారీ జ్వరం తిరగబెట్టే ప్రమాదం మామూలు వారికంటే చాలా ఎక్కువ. తిరగబెట్టిన ప్రతిసారీ వాల్వు ఇంకొంచెం బిగుసుకుంటుంది. సూది పాత నష్టాన్ని బాగుచేయదు, కొత్త నష్టం రానివ్వదు. అందుకే గుండెకు దెబ్బ తగలని పిల్లలకు కనీసం 5 ఏళ్లు లేదా 21వ ఏడు వచ్చేదాకా, వాల్వు దెబ్బ మిగిలిపోయిన వారికి కనీసం 10 ఏళ్లు లేదా 40వ ఏడు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది, వేయమంటారు. ఉగాండాలో 818 మంది పిల్లలను రెండేళ్లు గమనించిన పరిశోధన ఒకటి కొన్నేళ్ల కిందట వెలువడింది. వారెవరికీ బయటికి ఏ లక్షణమూ లేదు, ఎకోలో మాత్రమే తొలి దశ జబ్బు కనిపించింది. నాలుగు వారాలకోసారి ఈ సూది వేసిన వారిలో 0.8 శాతం మందికి జబ్బు ముదిరింది. వేయని వారిలో 8.2 శాతం మందికి ముదిరింది. పదింతల తేడా.

ఇప్పుడు మీ భయం గురించి మాట్లాడుకుందాం. అది అర్థం లేని భయమేమీ కాదు. పెనిసిలిన్ ఒంటికి సరిపడని వారికి నిమిషాల్లో రక్తపోటు పడిపోయి, ఊపిరాడక ప్రాణం పోవచ్చు. అలా జరిగితే పగిలేది మీ క్లినిక్ అద్దాలు, తిరగాల్సింది మీరు పోలీస్ స్టేషన్ చుట్టూ. ఈ ఊళ్లో డాక్టర్ల మీద జరిగే దాడుల గురించి నేనూ పేపర్లో చదువుతూనే ఉన్నాను. కానీ లెక్కల టీచరును కాబట్టి అడుగుతున్నాను, భయానికి ఒక కొలత ఉండాలి కదా? 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనంలో 1,790 మంది రోగులకు 32,430 సూదులు వేశారు. ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ 4 సార్లు వచ్చింది, ఒకరు చనిపోయారు. అంటే సుమారు 8,000 సూదులకు ఒక్కసారి ఆ ప్రమాదం. ఆ పోయిన ప్రాణం చిన్నదని నేననను. అధ్యయనం చేసిన వారూ అనలేదు. అయినా మొత్తం బేరీజు వేసి, ఈ సూది వల్ల కలిగే మేలే చాలా ఎక్కువని తేల్చారు. సూది పడక వాల్వులు మూసుకుపోయి చనిపోయేవారి గురించి ఎవరూ అద్దాలు పగలగొట్టరు, ఎందుకంటే వారు నెమ్మదిగా, ఇంట్లో, మీ కంటికి కనబడకుండా పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రుమాటిక్ గుండె జబ్బుతో ఏటా సుమారు 3.6 లక్షల మంది మరణిస్తున్నారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒక వైపే మాట్లాడినట్లవుతుంది. సూది తర్వాత జరిగిన కొన్ని మరణాల్లో అలర్జీ లక్షణాలు లేవని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో ఒక సూచన ఇచ్చింది. వాల్వు మరీ బిగుసుకుపోయిన వారు, గుండె బాగా నీరసించిన వారు, నొప్పికీ భయానికీ రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే తట్టుకోలేకపోయి ఉండవచ్చని, అలాంటి వారికి సూది బదులు రోజూ వేసుకునే బిళ్లలు మేలని అందులో ఉంది. పడుకోబెట్టి వేయడం, ముందుగా తిండి, నీళ్లు పట్టించడం కూడా ఆ సూచనల్లో ఉన్నాయి. మా నర్సమ్మ ఏ కాగితమూ చదవకుండానే చేసిన పనులవి. కాబట్టి ఎవరికి సూది, ఎవరికి బిళ్ల అన్నది పెద్దాసుపత్రిలో కార్డియాలజిస్టు నిర్ణయించి కార్డు మీద రాయాలి. కార్డులో "సూది" అని రాసి ఉన్నవాళ్లను కూడా గుమ్మంలోంచే తిప్పి పంపేయడం జాగ్రత్త కిందికి రాదు. దులుపుకోవడం కిందికి వస్తుంది.

మీ ఆరోగ్య కేంద్రాల్లో చిన్న పిల్లలకు టీకాలు వేస్తారు. టీకా వేసే చోట అలర్జీ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ ఉన్న కిట్ తప్పనిసరిగా ఉండాలని ప్రభుత్వ నిబంధనే ఉంది. డాక్టరు లేకపోయినా మొదటి డోసు ఏఎన్‌ఎం, అంటే టీకాలు వేసే నర్సమ్మ, ఇవ్వవచ్చని కూడా ఉంది. నెలల పసికందుకు టీకా వేసే ధైర్యం, దానికి కావలసిన కిట్, దాన్ని వాడే శిక్షణ మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. అదే గదిలో, అదే బల్ల మీద, అదే ఏఎన్‌ఎం చేత నాకు పెనిసిలిన్ ఎందుకు వేయించరు? కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు. ఈ ప్రశ్నకు నాకు ఎవరూ జవాబు చెప్పలేదు. "పై నుంచి ఆర్డరు లేదమ్మా" అన్నదే ఇప్పటిదాకా విన్న జవాబు. అందుకే పై వారికి రాస్తున్నాను.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 21 రోజులకోసారి అంటే ఏడాదికి 17 లేదా 18 సూదులు. సీసా వంద రూపాయలని ఎక్కువే వేసుకున్నా, ఏడాదికి 1,800. పన్నెండేళ్ల పిల్లకు నలభయ్యో ఏడు వచ్చేదాకా వేసినా 50,400 రూపాయలు. అది 28 ఏళ్ల ఖర్చు. రాజీవ్ ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. 2007లో మొదలైన నాటి నుంచి ఆ పథకం కింద ఎంతో మంది పేదవాళ్లకు గుండె ఆపరేషన్లు జరిగాయి, అందులో వాల్వు మార్పిడులూ ఉన్నాయి. ఆ పథకాన్ని నేను తప్పు పట్టను. అది లేకపోతే మా బస్తీలో కొందరు ఇవాళ ఉండేవారు కాదు. కానీ వాల్వు మార్చాక ఏమవుతుందో కూడా చూడండి. లోహపు వాల్వు పెట్టిన మనిషి బతికినంత కాలం రక్తం పలచబడే బిళ్లలు మింగాలి, ఎప్పటికప్పుడు రక్త పరీక్ష చేయించుకుని మోతాదు సరిచూసుకోవాలి. పలచన ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డకట్టి పక్షవాతం. ఇంత జరిగాక కూడా పెనిసిలిన్ సూది మానకూడదు! లక్షలు పెట్టి మార్చిన వాల్వుతో, వంద రూపాయల సీసా చేతిలో పట్టుకుని, మళ్లీ అదే కాంపౌండర్ ముందు నిలబడాలి.

మందు దొరకని రోజులూ ఉంటాయి. ధర తక్కువ, లాభం తక్కువ, తయారుచేసేవారు తక్కువ. మా మెడికల్ షాపులో లేదంటే కోఠి హోల్‌సేల్ దుకాణాల దాకా వెళ్లాల్సి వస్తుంది. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పేరుతో ఒక చౌరస్తానే ఉన్న ఊరిది, దేశదేశాలకు మందులు పంపే ఊరిది. ఈ సీసా కోసం ఇక్కడ బస్సెక్కి తిరగడం నాకు నామోషీగా ఉంటుంది. మీకూ ఉండాలి.

బడుల గురించి ఒక మాట. పిల్లల్లో ముందుగానే జబ్బులు పట్టుకోవడానికి 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. దాని జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు పేరు స్పష్టంగా ఉంది. అయితే ఆ బృందాలు వెళ్లేది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. హైదరాబాద్ బస్తీల్లో అప్పోసప్పో చేసి నెలనెలా ఫీజు కట్టి పిల్లలను మా లాంటి చిన్న ప్రైవేటు బడులకు పంపే తల్లిదండ్రులు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. రేకుల షెడ్డులో నడిచే ఆ బడుల పిల్లలు పేదరికంలో ప్రభుత్వ బడి పిల్లలకు ఏమీ తీసిపోరు. వాళ్ల గుండె మీద స్టెతస్కోపు పెట్టేవారే లేరు.

తోటి ఉపాధ్యాయులు చూడాల్సిందీ ఒకటుంది. గుండ్రంగా రాసే పిల్ల చేతిరాత ఉన్నట్టుండి చెడిపోతుంది. గ్రాఫ్ కాగితం మీద గీత గడులు దాటి పోతుంది, పెన్సిలు జారిపోతుంది, చేతులు ఊరికే కదులుతుంటాయి, ముఖం వంకర్లు పోతుంటుంది. వెక్కిరిస్తోందని బెంచీ ఎక్కిస్తాం. అది సిడెన్‌హామ్ కొరియా కావచ్చు, రుమాటిక్ జ్వరపు లక్షణాల్లో ఒకటి. అబ్బాయిల కంటే అమ్మాయిలకే ఎక్కువగా వస్తుంది. గొంతు నొప్పి వచ్చి నెలలు గడిచాక బయటపడుతుంది కాబట్టి రెంటికీ ముడి ఉందని ఎవరికీ తట్టదు. అలాంటి పిల్ల కనబడితే బెంచీ దింపి ఆసుపత్రికి పంపండి.

గర్భిణుల క్లినిక్‌లో ఉండే డాక్టరమ్మలకు కూడా ఒక మాట. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. బిగుసుకున్న వాల్వు అప్పటిదాకా నెట్టుకొచ్చినా ఐదో నెల, ఆరో నెల వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. "ఈ నెలల్లో ఆయాసం మామూలే" అని పంపేసే ముందు, రాత్రి పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని ఒక్క ప్రశ్న అడిగి, స్టెతస్కోపు పెట్టి వినండి. బరువు, బీపీ చూసినంత సేపు కూడా పట్టదు.

ఇక నేను అడిగేది. నగరంలోని ప్రతి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, వీలైనన్ని బస్తీ దవాఖానాల్లో, వారంలో ఒక రోజు పెనిసిలిన్ సూది రోజుగా పెట్టండి. టీకాల రోజే పెట్టినా సరే, కిట్ ఎలాగూ బల్ల మీదే ఉంటుంది. బడి పిల్లలు, కూలికి పోయేవాళ్లు రావాలి కాబట్టి ఉదయం పెందలాడే కొంత సమయం ఇవ్వండి. సీసాలు మందుల జాబితాలో చేర్చి నిల్వ ఉంచండి. పొడి సీసాకు ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. సూది వేసే పద్ధతి తెలిసిన సీనియర్ నర్సులు పదవీ విరమణ చేయకముందే వారి చేత మిగతావారికి నేర్పించండి. పెద్దాసుపత్రిలో జబ్బు నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ ఏ కేంద్రంలోనైనా చెల్లే ఒక కార్డు ఇవ్వండి. ఇవాళ వారాసిగూడలో ఉన్న కుటుంబం అద్దె పెరిగితే ఆరు నెలల్లో ఉప్పల్ పోతుంది, అక్కడ పని దొరక్కపోతే పటాన్‌చెరు పోతుంది. కార్డు మనిషి వెంట పోవాలి. 21 రోజులు దాటినా రాని పిల్లాడి ఇంటికి ఒక ఫోను చేయించండి. ఆశా కార్యకర్తలకు ఇప్పటికే తలకు మించిన పని ఉందని తెలుసు. ఈ పని వారి నెత్తిన ఉచితంగా వేయకండి, దానికీ పారితోషికం ఇవ్వండి.

ప్రైవేటు క్లినిక్‌ల వారికి కూడా మీరే ఒక మాట చెప్పాలి. పద్ధతి ప్రకారం, కార్డు చూసి, కిట్ దగ్గర పెట్టుకుని సూది వేసిన డాక్టరుకు అనుకోనిది జరిగితే శాఖ అండగా నిలబడుతుందని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ధీమా ఉంటే చాలామంది వేస్తారని నా నమ్మకం. వాళ్లలో చెడ్డవాళ్లు తక్కువే, ఒంటరివాళ్లే ఎక్కువ.

ఏ కేంద్రంలో ఏ రోజు వేస్తారో తెలుగులోనూ ఉర్దూలోనూ గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. నా తర్వాతి సూది వచ్చే నెల మొదటి వారంలో పడాలి. సీసా కొని పెట్టుకున్నాను. వారాసిగూడ వాళ్లం ఏ కేంద్రానికి రావాలో చెప్పండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
వారాసిగూడ, సికింద్రాబాద్